చెమర్చే అందం

కుండను చూడాలంటే ఎండాకాలం మధ్యాహ్నమే చూడాలి. రాత్రి నీళ్లు పోసి పెట్టిన కుండకు భుజాల దగ్గర ఎరుపు పొడిగా, లేతగా ఉంటుంది. కిందికి దిగేకొద్దీ అది చిక్కబడుతూ, చుట్టకుదురును తాకేచోట తడిసిన ఇటుక రంగును దాటి నలుపు వైపు మొగ్గుతుంది. ఒక్క మట్టిలో ఇన్ని ఎరుపులు! లోపలి నీరు గోడలోంచి మెల్లగా నడిచి వస్తూ దిద్దిన రంగులివి. ఇత్తడి బిందె మెరుపు తోమిన చేతుల చలవ. కుండ నిగారింపు మాత్రం అది చేస్తున్న పనిలోంచే పుడుతుంది. ఆ పనినీ ఈ అందాన్నీ విడదీయడం నాకైతే సాధ్యం కాలేదు.

ఆకారం సంగతి చూడండి. మూల ఉన్నచోట మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ బీట తీస్తుంది. గుండ్రటి బొజ్జకు మూలే లేదు. పొయ్యి మీద మంట దాని చుట్టూ సమంగా పాకుతుంది. తక్కువ మట్టితో ఎక్కువ నీరు పట్టే ఆకారమూ అదే. సన్నని మెడ దుమ్మును ఆపుతుంది, ఎత్తే చేతికి పట్టునిస్తుంది. అలంకారం కోసం పెట్టిన వంపు ఒక్కటీ లేదు, అయినా కన్ను ఏ వంపు దగ్గరా తడబడదు.

కుండ రెండుసార్లు పుడుతుందని చాలామంది గమనించరు. సారె మీద తిరిగేది మొదటి పుట్టుక. నోరు, మెడ, మందపాటి గోడలు అక్కడ తయారవుతాయి. బొజ్జకు గుండ్రదనం తర్వాత వస్తుంది. పచ్చి కాస్త ఆరాక, లోపల ఒక చేత్తో నున్నటి రాయి ఆనించి, బయట చెక్కతో కొడుతూ గోడను పలచబరుస్తారు. ప్రతి దెబ్బకూ మట్టి గట్టిపడుతుంది, కాస్త విచ్చుకుంటుంది. మంచి కుండను వెలుతురుకు వాలుగా పట్టి చూస్తే ఈ రెండు పుట్టుకలూ కనిపిస్తాయి. మెడ చుట్టూ వేళ్లు గీసిన సన్నని వలయాలు, బొజ్జ మీద చెక్క దెబ్బల మెత్తని పలకలు. పైన తిరుగుడు, కింద తాళం. యంత్రపు అచ్చులో పోసిన పాత్రకు ఈ జోడింపు రాదు.

ఆ తర్వాత నిప్పు. గాలి బాగా ఆడినచోట మట్టిలోని ఇనుము ఎర్రబారుతుంది. గాలి అందక పొగ కమ్మినచోట నల్లబడుతుంది. మన నేల మీద ఇనుపయుగపు సమాధుల్లో దొరికిన కుండలు ఈ రహస్యాన్ని ఎంత తెలిసి వాడుకున్నాయో! లోపలి వైపూ అంచూ నలుపు, బయటి బొజ్జ ఎరుపు. రెండు రంగులు కలిసేచోట గీత ఉండదు, సంధ్యవేళ ఉంటుంది. బోర్లించి కాల్చడం వల్ల అలా వచ్చిందన్నది పురావస్తు పండితుల్లో బాగా చెలామణిలో ఉన్న వివరణ. కుంచె పట్టకుండా, నిప్పునూ పొగనూ పంచిపెట్టి వేసిన బొమ్మలవి. వాటి ముందు నిలబడితే అడుగు ముందుకు పడదు.

ఇక చల్లదనం. ఒక గ్రాము నీరు ఆవిరవ్వాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని అది కుండలో మిగిలిన నీటి నుంచే తీసుకుపోతుంది. బయటి వేడి చొరబడదనుకుంటే, పది లీటర్ల నీటిని పది డిగ్రీలు చల్లార్చడానికి 170 గ్రాములకు కాస్త పైన, అంటే గ్లాసుడు నీళ్లు ఆవిరైతే చాలు. వేడి చొరబడుతూనే ఉంటుంది కాబట్టి నిజంగా ఇంకొన్ని నీళ్లు పోతాయి. గ్లాసుడు ఇచ్చుకుని కుండెడు కాపాడుకునే ఈ లెక్క నాకు పద్యమంత ఇష్టం. పొడిగాలి ఆడే అనంతపురంలో, మహబూబ్‌నగర్‌లో కుండ తన పూర్తి విద్య చూపిస్తుంది. ఉక్కపోసే మచిలీపట్నంలో గాలికి అప్పటికే తడి ఎక్కువ, కుండకు చెమట ఆరదు.

కొత్త కుండలో మొదటి నీళ్ల వాసన తొలకరి వాసనకు చుట్టం. ఎండిన మట్టీ రాళ్లూ గాలిలోంచి పీల్చి దాచుకున్న నూనెలు తడి తగలగానే పైకి వస్తాయని 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ రాశారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అంతకు ఎంతో ముందు నుంచే మట్టి బిళ్లలను బట్టీ పట్టి, ఆ పరిమళాన్ని గంధపు నూనెలోకి దించి అత్తరు చేస్తున్నారు.

కుండనీళ్లు రోగాలు కుదురుస్తాయన్న ప్రచారాన్ని నేను నమ్మను. కుండకు ఆ పొగడ్త అవసరమూ లేదు. మూత పెట్టి, పొడవాటి కాడ ఉన్న గరిటెతో ముంచుకుంటూ, కొబ్బరిపీచుతో కడుగుతుంటే అది గొంతుకు హాయి, అంతే. వంటింట్లో దాని గొప్ప వేరు. చింతపండు పులుపుకు మట్టి దాక చలించదు. పొయ్యి మీంచి దించాక కూడా చేపల పులుసు కాసేపు కుతకుతమంటూ ముక్కకు ఉప్పూకారం పట్టిస్తుంది. ముంతలో తోడుపెట్టిన పెరుగులోని నీటిని గోడ పీల్చుకుంటుంది, పెరుగు గడ్డకడుతుంది.

తిరుమలలో బంగారానికి కొదవ లేదు. అయినా శ్రీవారికి దధ్యోదనం నివేదించేది కొత్త కుండ ఓటిలో. కురువనంబి అనే కుమ్మరి భక్తుడి కథను ఆ ఆచారానికి మూలంగా చెబుతారు. పెరుగన్నానికి సరైన పాత్ర ఏదో తెలిసినవాళ్లు పెట్టిన ఏర్పాటుగా కూడా నాకది తోస్తుంది.

ఈ మధ్య బజారులో పువ్వులు, నెమళ్లు వేసి, ఎనామిల్ రంగు పూసిన కుండలు వరుసగా పెడుతున్నారు. ఆ రంగు మట్టి రంధ్రాలను మూసేస్తుంది. నీళ్లు చల్లబడవు, వేళ్ల గీతలు, చెక్క పలకలు మునిగిపోతాయి. కుండను అందంగా చేయబోయి దాని అందాన్నే పూడ్చేస్తున్నారు. ఈ వేసవికి కుండ కొనబోతే పూత లేనిదాన్నే అడగండి. వేలితో కొట్టి వినండి. ఖంగుమంటే బాగా కాలినట్టు, మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. ధర దగ్గర మాత్రం బేరమాడకండి.