పారిసులో కృష్ణారెడ్డి ఏం చదువుకున్నారు?

విదేశానికి చదువుకు పోయిన తెలుగువాడు అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టరు పార్వతీశమే. మొదటి భాగం 1924లో వచ్చింది. మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొని నెత్తిన పెట్టుకున్న ఆ మొగల్తూరు కుర్రవాణ్ణి తలుచుకుని ఇక్కడ బళ్ళారిలోనూ నవ్వుకునే ఇళ్ళున్నాయి. టోపీ, రైలు, ఓడ, తిండికి పడ్డ తిప్పలు మనకు బాగా గుర్తు. అక్కడ చదివిన చదువు ఆ మనిషిని లోపల ఏం చేసిందని ఎవరమూ అడగం. హాస్య నవలను అలా నిలదీయకూడదు, నిజమే. హాస్యం లేనిచోట కూడా మనం ఆ ప్రశ్న అడగడం మానేశాం. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన ముద్రణ చిత్రకారుడు కృష్ణారెడ్డి మీద మన భాషలో నేను చదివిన వ్యాసాలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ఈ వ్యాసాలు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. శాంతినికేతనంలో నందలాల్ బోసు శిష్యరికం, మద్రాసు కళాక్షేత్రంలో ఉద్యోగం, తర్వాత లండను. అక్కడ స్లేడ్ స్కూలు, హెన్రీ మూర్. పారిసులో జాడ్కిన్, హేటర్. మిలాన్‌లో మరీనో మరీని. 1972లో పద్మశ్రీ. 2018లో న్యూయార్కులో కన్నుమూత. గురువుల పేర్లన్నీ సర్టిఫికెట్లు జతపరచినట్టు వరసగా ఉంటాయి. నాది బీకాం చదువు, బ్యాంకు ఉద్యోగం. జతపరచిన కాగితాలు రోజూ చూసేవాణ్ణి కనుక నాకు ఈ వరస మీద మొదటినుంచీ అనుమానమే. కాగితాలు ఎన్ని ఉన్నా మనిషి ఏం పని చేశాడన్నది వాటిలో ఉండదు.

మూర్, జాడ్కిన్, మరీని ముగ్గురూ శిల్పులు. వాళ్ళ దగ్గరికి వెళ్ళిన మనిషి చివరికి కాగితం మీద ముద్రలు వేసే కళాకారుడయ్యాడు. ఇది ఎలా జరిగిందో అడగకుండా ఎన్ని పేర్లు చెప్పినా ఏం లాభం? జవాబు నాలుగో పేరులో ఉంది. స్టాన్లీ విలియం హేటర్ 1927లో పారిసులో ఒక పనిశాల పెట్టాడు. తర్వాత అది ఉన్న ఇంటి నంబరు పదిహేడు కనుక దాని పేరు అటెలియే 17 అయింది. యుద్ధకాలంలో న్యూయార్కుకు తరలి, 1950లో మళ్ళీ పారిసు చేరింది. అది కళాశాల కాదు. అక్కడ కొత్తగా వచ్చినవాడూ పేరు మోసినవాడూ ఒకే ప్రెస్సు దగ్గర తమ వంతు కోసం నిలబడేవారు. ఒకడు పాడుచేసిన పలక మరొకడికి పాఠం. కృష్ణారెడ్డి 1950లలో అక్కడ చేరి, క్రమంగా హేటర్‌కు కుడిభుజమై, 1976 దాకా ఆ పనిశాలను నడిపినవారిలో ఒకరయ్యారు. విద్యార్థిగా వెళ్ళిన మనిషి ఏ రోజున విద్యార్థి కాకుండా పోయాడో చెప్పే తేదీ ఎక్కడా లేదు.

అక్కడ ఆయన పట్టుబడి చేసిన పని ఏమిటో మన మాటల్లో చెప్పుకోవాలి. రంగుల ముద్రకు మామూలు పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో పలక కావాలి. కాగితం అదే, పలకలు వేరు. ఒకదానిమీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా అమరాలి. అన్ని రంగులూ ఒకే పలక మీద పరిచి, ప్రెస్సులోంచి ఒకే ఒక్కసారి తీస్తే? దానికోసం జింకు పలకను యాసిడ్‌తోనూ పనిముట్లతోనూ వేర్వేరు లోతులకు తొలుస్తారు. మిట్టలు, పల్లాలు, ఇంకా పల్లాలు. అన్నిటికంటే లోతైన గీతల్లో ఒక సిరా కూరి పైన తుడిచేస్తారు. తర్వాత నూనె ఎక్కువ కలిపిన పలచని సిరాను గట్టి రోలరుతో దొర్లిస్తే అది మిట్టలకు మాత్రమే అంటుతుంది. ఆపైన నూనె తక్కువున్న చిక్కని సిరాను మెత్తని రోలరుతో దొర్లిస్తారు. మెత్తన కనుక అది పల్లాల్లోకి దిగుతుంది. మిట్టల మీద ముందే ఉన్న నూనె సిరా దీన్ని పట్టనివ్వదు. ఇలా రంగులు కలిసిపోకుండా పక్కపక్కనే నిలుస్తాయి. ఇదే విస్కాసిటీ పద్ధతి, అంటే సిరాల చిక్కదనంలో ఉన్న తేడాతో చేసే పని.

దీన్ని కనిపెట్టినవాడు హేటర్ అని కొందరు, కృష్ణారెడ్డి అని మనవాళ్ళు రాస్తుంటారు. బొంబాయినుంచి వెళ్ళిన కైకో మోతీ పేరు చాలామంది మరిచిపోతారు. ఒకే గదిలో, ఒకే ప్రెస్సు మీద కలిసి చేసిన పనికి ఒకడి పేరున పట్టా రాయబోవడమే ఆ పనిశాలను అర్థం చేసుకోకపోవడం. కృష్ణారెడ్డిది మాత్రమే అనదగ్గది ఇంకొకటి ఉంది. ఆయన పలకను శిల్పంలా తొలిచారు. మూర్, జాడ్కిన్, మరీనిల దగ్గర గడిపిన ఏళ్ళు ఇక్కడ జమకు వచ్చాయి. మామూలు చెక్కుడు పనిలో గీత ముఖ్యం. ఈయన పలకలో లోతు ముఖ్యం. రంగు ఎక్కడ ఆగాలో లోతే నిర్ణయిస్తుంది.

1963లో చేసిన 'సుడిగుండం' చూడండి. నీటిని నీలం రంగుతో చూపడం ఎవరైనా చేస్తారు. ఇందులో చూపు సుడి అంచున ఆగదు, లోపలికి జారుతుంది. పలకలో నిజంగానే పల్లం ఉంది కనుక కాగితం మీదా ఆ పల్లం తాలూకు బిగువు మిగిలింది. అల, చేప వంటి ఆ కాలపు ముద్రలన్నిటిలోనూ ఈ గుణం ఉంది. నా దృష్టిలో ఆయన ఉత్తమమైన పని ఇదే. 1968లో పారిసు వీధుల్లో విద్యార్థులు తిరగబడ్డప్పుడు చేసిన 'ప్రదర్శకులు'లో మనుషులు వచ్చారు. అందులోనూ ఒక్కో మనిషికి ముఖం ఇవ్వాలన్న ఆత్రం లేదు. గుంపు మొత్తం ఒకే ఒరవడిలో నిలబడుతుంది. పరాయి ఊళ్ళో కిటికీలోంచి చూసిన మనిషి గీసినట్టు లేదు. అదే వీధిలో ఇరవై ఏళ్ళ దగ్గరికి కాపురమున్న మనిషి గీసినట్టుంది.

తర్వాత వచ్చిన సర్కసు బఫూను ముద్రల్ని చాలామంది మెచ్చుకుంటారు. 'గ్రేట్ క్లౌన్' ఒక్క పలకనుంచే రంగులు మార్చి మార్చి ఎన్నో ముద్రలు తీశారు. నాకు వాటిలో నేర్పు ముందు కనిపిస్తుంది, బఫూను తర్వాత కనిపిస్తాడు. నీటి ముద్రల్లో పద్ధతి ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇక్కడ పద్ధతే ఎదురొచ్చి పలకరిస్తుంది. గొప్పవాడు కదా అని ఈ తేడా చెప్పకుండా ఊరుకోవడం నాకు సమ్మతం కాదు.

ఇదంతా మనకెందుకు అనే పాఠకులకు నా ఉద్యోగంలోని ఒక సంగతి చెబుతాను. 2019లో మా శాఖకు ఒక తండ్రి వచ్చారు. ఊళ్ళో జీన్సు కుట్టించే చిన్న యూనిట్ ఆయనది. కూతురు చిత్రకళలో డిగ్రీ చేసింది. ముద్రణ కళలో పైచదువుకు ఇంగ్లండులో సీటు వచ్చింది. "సార్, ఏం చదువు అంటే చెప్పుకోడానికి నాకు నోరు రాదు. అచ్చు పని అంటే ప్రెస్సు పెడుతుందా అంటారు. మీరే చూసి చెప్పండి" అన్నారు. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి ఆస్తి తాకట్టు పెట్టాలి. ఇల్లు పెడతానన్నారు. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది గడువు. ఆ తర్వాత కంతులు కట్టాలి. ఫారంలో చదువు పూర్తయ్యాక రాగల జీతం ఎంత అనే గడి ఉంది. నేను సిఫారసు చేసి పంపాను. పైనుంచి ఫైలు రెండుసార్లు తిరిగొచ్చింది, ఈ చదువుకు ఉద్యోగావకాశం వివరించండి అని. చివరికి అడిగినదానిలో సగం మంజూరైంది. అమ్మాయి వెళ్ళలేదు.

బ్యాంకు డబ్బు జనం డిపాజిట్టు. తిరిగి వస్తుందా అని అడగడం బ్యాంకు ధర్మం. ఆ ప్రశ్నను నేను తప్పుపట్టను. ఆ ప్రశ్నకు జవాబుగా చూపించడానికి నా చేతిలో తెలుగులో గానీ కన్నడంలో గానీ ఒక్క కాగితం లేకపోవడమే నన్ను బాధించింది. స్లేడ్ నుంచి మిలాన్ దాకా లెక్కేస్తే కృష్ణారెడ్డి నేర్చుకున్న కాలం ఏడేళ్ళకు తక్కువ లేదు. ఆ ఏడేళ్ళు దేనికి ఖర్చయ్యాయో మనవాళ్ళు రాసి ఉంటే ఆ తండ్రికి చెప్పుకోడానికి నోరు వచ్చేది. కృష్ణారెడ్డి తన పద్ధతిని వివరిస్తూ 1988లో పుస్తకం వేశారు, ఇంగ్లీషులో. దాన్ని మన మాటల్లో పెట్టిన పుస్తకమేదీ నా కంటబడలేదు.

కళకోసం దూరం వెళ్ళడం మనకు కొత్త కాదు. రాజమండ్రిలో కూల్డ్రే దొర ప్రోత్సాహంతో దామెర్ల రామారావు బొంబాయి జేజే స్కూలుకు వెళ్ళారు. ఆ రోజుల్లో అదే విదేశమంత దూరం. కృష్ణారెడ్డి పుట్టిన 1925లోనే ఆయన పోయారు. మన ఊరి వకీలు, నటుడు బళ్ళారి రాఘవ యూరపు వెళ్ళి అక్కడి నాటకరంగాన్ని చూసి వచ్చారు. అప్పటికే ఆయన నలభై దాటిన సిద్ధహస్తుడు. రాఘవ యాత్ర గురించి కూడా మనం చెప్పుకునేది బెర్నార్డ్ షాను కలిశారనే. ఏ రంగస్థలం మీద ఏం చూశారు, తిరిగొచ్చి తన నటనలో ఏం మార్చుకున్నారు అన్నది సభల్లో ఎవరూ ఎత్తరు. 1953లో బళ్ళారి మైసూరుకు చేరాక రాఘవ ఎవరివాడని వాదించుకోడానికి మనకు ఓపిక ఉంది. ఆయన ఎలా నటించేవారని తెలుసుకునే ఓపిక అంతగా లేదు.

కృష్ణారెడ్డి విషయంలోనూ 'మనవాడు' అన్న మాట తేలిగ్గా వస్తుంది. 2016లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీల ముద్రలు కలిపి ప్రదర్శించింది. జరీనా అలీగఢ్‌లో పుట్టి, పారిసులో అదే పనిశాలలో నేర్చుకున్న మనిషి. 1999 నాటి ఆమె చెక్క ముద్రలు ముప్ఫై ఆరింటిలో ఒక్కోదానికీ ఒక ఉర్దూ మాట ఉంది. ఇల్లు, గడప, అలాంటి మాటలు. పరాయిగడ్డ మీద ఆమె తన భాషను కాగితం మీద అచ్చేసుకుంది. కన్నడ బోర్డుల మధ్య తెలుగు పత్రిక నడుపుకునే మనకు ఆ పని చప్పున అర్థమవుతుంది. కృష్ణారెడ్డి ముద్రల్లో నేను చూసినంతలో తెలుగు అక్షరం లేదు. అది లోటని నేననను. ఆయన సుడిలో ఎక్కడి నీళ్ళైనా తిరుగుతాయి. కాని అక్షరం లేనిచోట 'మనవాడు' అనడానికి ఆ పనిని కళ్ళారా చూడడం తప్ప వేరే ఆధారం లేదు.

చూడడానికీ ఒక చిక్కుంది. పుస్తకాల్లో వేసిన ఫోటోలు చదునుగా ఉంటాయి. ప్రెస్సు ఒత్తిడికి తడి కాగితం పలక గుంటల్లోకి దిగి, ఆరాక ఆ ఎత్తుపల్లాలు అలాగే నిలుస్తాయి. ఫోటోలో అవి రావు. బెంగుళూరులో ఒకసారి అద్దం చాటున అసలు ముద్ర చూసే అవకాశం వచ్చినప్పుడు ఎదురుగా నిలబడి చాలాసేపు చూశాను. కాపలా మనిషి కన్నడంలో, పక్కకు జరిగి కిటికీ వెలుగులో చూడండి సార్ అన్నాడు. జరిగి చూస్తే కాగితం మీద నీలం రంగు కింద గట్లు కనిపించాయి.