ఇద్దరి మాట, మూడోవాడి చెవి

కారు బాగోలేదని మెకానిక్‌కి చెప్పడం తేలికే, బండి అతని కళ్లెదుటే ఉంటుంది కాబట్టి. అదే ఫోన్‌లో చెప్పాల్సి వస్తే? ‘కార్ టాక్’ అనే రేడియో కార్యక్రమానికి ఫోన్ చేసిన అమెరికన్లు ఆ పని నోటితోనే కానిచ్చేవారు. కిర్రుమనడం, గరగరమనడం, టకటకలాడటం, బండి ఎలా మొత్తుకుంటే అలా గొంతుతో చేసి వినిపించేవారు. పెద్దపెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా సిగ్గుపడేవారు కాదు. అవతల టామ్, రే మాగ్లియోజీ అనే అన్నదమ్ములు ఆ చప్పుడును తామూ చేసి, ఇలాగేనా అని అడిగి, ముందు కడుపుబ్బ నవ్వి, ఆ తర్వాత బండి జబ్బేమిటో చెప్పేవారు. కార్ల మీద ఏ ఆసక్తీ లేనివాళ్లు కూడా దాన్ని వారం వారం విన్నారు. పాడ్‌కాస్టుకు కెమెరా కావాలా వద్దా అని ఇప్పుడు జరుగుతున్న వాదనలో నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ ఇద్దరే.

1977లో బోస్టన్‌లోని డబ్ల్యుబియుఆర్ స్టేషన్ కొందరు మెకానిక్‌లను చర్చకు పిలిస్తే వచ్చింది టామ్ ఒక్కడే. మళ్లీ రమ్మంటే తమ్ముణ్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ ఎంఐటీలో చదివినవాళ్లు, మధ్య పన్నెండేళ్ల తేడా. 1987లో ఎన్‌పీఆర్ అనే జాతీయ రేడియో సంస్థ ద్వారా కార్యక్రమం దేశమంతా పాకింది, 1992లో పీబడీ అవార్డు వచ్చింది. 2012లో కొత్త ఎపిసోడ్లు ఆపేశారు. పాతవి పాడ్‌కాస్టుగా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

వినడానికి ఊసుపోక కబుర్లలా ఉంటుంది గానీ ఆ జంట పనిలో చాలా నేర్పు ఉంది. రే గ్యారేజీ నడిపే మనిషి, సమస్యను వదలడు. టామ్ దారి తప్పిస్తాడు. బ్రేకుల గురించి మొదలైన మాట ఫోన్ చేసినామె అత్తగారి దాకా వెళ్తే అది టామ్ పుణ్యమే. ఒకడు లాగుతుంటే ఇంకొకడు వదులుతుంటాడు. బుర్రకథలో కథకుడి పక్కన నిలబడే వంతలు చేసేదీ ఇలాంటి పనే. ఒకరు హాస్యం పట్టుకుంటారు, ఇంకొకరు లోకం సంగతులు ఎత్తుతారు. జనానికి రావలసిన సందేహాన్ని ముందుగా వాళ్లే అడిగేస్తారు. కథ ఒక్కడిదే అయినా కూర్చుని వినబుద్ధి పుట్టించేది ఆ అడ్డుప్రశ్నలే.

చెవికి తలూపడం వినపడదు. అందుకే ఆడియోలో సహ వ్యాఖ్యాత తన ఒప్పుకోలునీ విసుగునీ ఆశ్చర్యాన్నీ శబ్దంగా మార్చాలి. ఒక ‘ఊఁ’, ఒక ‘అబ్బే’, మాట మధ్యలో పీల్చిన ఊపిరి, ఆపుకోలేని నవ్వు. అన్నదమ్ముల గొంతులు దగ్గరదగ్గరగా ఉండటంతో కొత్తగా వినేవాళ్లకు ఎవరెవరో తేలేది కాదు. టామ్ నవ్వు మాత్రం ఎవరూ పొరబడేది కాదు. జోకు పూర్తి కాకముందే మొదలయ్యేది. వాళ్ల కార్యక్రమంలో నాకు అన్నిటికంటే నచ్చే శీర్షిక ఒకటి ఉంది. పాత సలహా పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి అప్పుడు ఫోన్ చేసినవాళ్లనే మళ్లీ పట్టుకొచ్చి, తప్పయితే అందరి ముందూ చీవాట్లు తినేవారు. శ్రోతకు నమ్మకం కుదరాలంటే ఇంతకు మించిన దారి లేదు.

నేటి పాడ్‌కాస్టర్లు ఈ జంట మాటలకు సాంకేతికమైన హంగులు చేర్చారు. ఇద్దరికీ చెరో మైకు, నోటికి దగ్గరగా. చెరో ట్రాకు, కాబట్టి ఒకరి దగ్గును ఇంకొకరి మాట చెడకుండా తీసేయొచ్చు. వేర్వేరు ఊళ్లలో ఉంటే ఎవరి గొంతు వాళ్ల దగ్గరే రికార్డు చేసుకుని, మొదట్లో కొట్టిన చప్పట్ల శబ్దాన్ని బట్టి రెండిటినీ జతపరుస్తారు. ఆ తర్వాత కోత. గంటన్నర మాటల్లోంచి నలభై నిమిషాలు తీస్తే ఆడియోలో అతుకు తెలియదు. వీడియోలో అదే కోత వేస్తే మనిషి తల ఠక్కున పక్కకు గెంతుతుంది. దాన్ని దాచడానికి ఇంకో కెమెరా, ఇంకో కోణం కావాలి. వీడియో పాడ్‌కాస్టులు మూడేసి గంటలు సాగడానికి కోతంటే పడే ఆ బెరుకు కూడా ఒక కారణమని నా అనుమానం.

తెరమీది, రేడియోలోని మనిషితో మనం ఏకపక్షంగా కలుపుకునే చుట్టరికం గురించి డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ 1956లోనే రాశారు. ఒక్కరే మాట్లాడితే ఆ మాట మనతో అన్నట్టుంటుంది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మనం పక్కన కూర్చున్నవాళ్లం. ఒకరి పక్షం వహిస్తాం, ఇంకొకరి మీద విసుక్కుంటాం, పోయినవారం ఎక్కడ ఆగారో గుర్తు పెట్టుకుంటాం. ఈ చుట్టరికం సంగతి మన తెలుగు రేడియోకి ఎప్పుడో తెలుసు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులో, ఆపైన హైదరాబాదులో పిల్లల కార్యక్రమాలు నడిపి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయిపోయారు. భార్యాభర్తల్ని అన్నయ్య, అక్కయ్య అనడంలో ఎవరికీ వింత తోచలేదు. ఆ వరస వినే పిల్లలతో కుదిరింది మరి.

ఈ చుట్టరికం మనిషి పోయినా తెగదు. 2014 నవంబరులో టామ్ చనిపోయాడు. ఆ తర్వాతా పాత రికార్డింగులే కలిపి ప్రసారం చేశారు, జనం విన్నారు.

ఇక కెమెరా. 2008లో పీబీఎస్ అనే అమెరికన్ టీవీ సంస్థ ఈ అన్నదమ్ముల్ని కార్టూన్ బొమ్మలుగా చేసి టీవీకెక్కించింది. పది ఎపిసోడ్లతో సరి. అంతకుముందు 1995లో ఈ ఇద్దరి స్ఫూర్తితో సీబీఎస్ టీవీ తీసిన హాస్య ధారావాహిక కూడా కొద్ది వారాలకే మూతపడింది. కారణాలు చాలా ఉండొచ్చు. నా మటుకు, శ్రోతలు అప్పటికే ఎవరికి వాళ్లు ఊహించుకున్న టామ్ మొహానికి ఏ బొమ్మా సరిపోలేదు.

వీడియోను తీసిపారేయలేం. పాడ్‌కాస్టుల కోసం నెలకు వందకోట్ల మందికి పైగా తమ దగ్గరికి వస్తున్నారని 2025 ఫిబ్రవరిలో యూట్యూబ్ ప్రకటించింది. నిమిషం ముక్క కత్తిరించి వదిలితే కొత్తవాళ్ల కంటపడుతుంది. ఆడియోకి ఆ సౌకర్యం లేదు. వినికిడి లేనివాళ్లకు మొహమూ అక్షరాలూ కలిసి దారి చూపుతాయి. చిక్కల్లా ఏమిటంటే, కెమెరా పెట్టగానే వ్యాఖ్యాత శబ్దం చేయడం మానేస్తాడు. కనుబొమ్మ ఎగరేస్తే చాలనుకుంటాడు. ఫోన్ జేబులో వేసుకుని వంట చేసుకుంటూ వినేవాడికి అక్కడ మిగిలేది ఖాళీ. ‘ఇదిగో చూడండి’ అని ఏదో చూపించి నవ్వుకుంటే మరీ ఒళ్లుమంట. చూపించింది ఏమిటో పక్కనున్నవాడు ఒక్క ముక్కలో చెప్పేస్తే రెండు రకాలవాళ్లూ తృప్తిపడతారు.

మన తెలుగులో ఇప్పుడు పాడ్‌కాస్టంటే చాలావరకు యూట్యూబే. రెండు కుర్చీలు, రెండు మైకులు, ఒక ప్రముఖ అతిథి. అతిథి మారితే చూసేవాడూ మారతాడు, వరస కలవదు. ప్రతివారం అదే ఇద్దరు కలిసి పోట్లాడుకునే కార్యక్రమాలు తక్కువ. పేరున్న మొహం లేనిదే ఎవరు నొక్కుతారన్న భయం ఒకటి, ఆ జంట చెవికి అలవాటయ్యేదాకా ఆగే ఓపిక లేకపోవడం ఇంకొకటి. టామ్, రే దేశానికి వినపడకముందు పదేళ్లు బోస్టన్ చుట్టుపక్కలే మాట్లాడుకున్నారు.