వినే స్టాటిస్టిక్స్, చేసే స్టాటిస్టిక్స్

తమిళనాడు సరిహద్దున ఉన్న సత్యవేడులో డిగ్రీ చదువుతున్న అమ్మాయి స్టాటిస్టిక్స్ తొలి పాఠాలు ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలనుకుంటే ఇవాళ కోర్సులకు కొదవ లేదు. ప్రభుత్వ వేదికలు స్వయం, ఎన్‌పీటెల్ ఉన్నాయి, విదేశీ యూనివర్సిటీల పాఠాలున్నాయి. ఏది మంచిదో చెప్పేవాళ్లే తక్కువ. నవలల మీద, సినిమాల మీద మనకు బోలెడంత విమర్శ ఉంది. వేల మంది పిల్లలు నెలల తరబడి కూర్చుని చదివే కోర్సును మాత్రం ఒక రచనగా పరిశీలించి మంచి చెడ్డలు చెప్పే అలవాటు మనకింకా రాలేదు. అందుకని రెండు కోర్సులను పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒకటి ఐఐటీ మద్రాసు బీఎస్ డిగ్రీలో ప్రొఫెసర్ ఉషా మోహన్ చెప్పే ‘స్టాటిస్టిక్స్ ఫర్ డేటా సైన్స్ 1’. రెండోది అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ తన ఓపెన్ లెర్నింగ్ ఇనిషియేటివ్ కింద తయారుచేసిన స్టాటిస్టిక్స్ కోర్సు. దీన్ని ఇక్కడ ఓఎల్‌ఐ అంటాను.

ముందు మద్రాసు కోర్సు. ఈ బీఎస్ డిగ్రీ 2020లో మొదలైంది. జేఈఈ ర్యాంకు అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు విని, అసైన్‌మెంట్లు చేసి, అర్హత పరీక్ష గట్టెక్కితే సీటు వస్తుంది. కులం, కుటుంబ ఆదాయం ప్రకారం ఫీజు రాయితీ ఉంది. ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గమైన సత్యవేడులో ఆ రాయితీకి ఎంత విలువ ఉందో చెప్పక్కర్లేదు. వీడియోలు యూట్యూబ్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పన్నెండు వారాల కోర్సు: డేటా రకాలు, గ్రాఫులు, సగటు, మధ్యగతం, విస్తృతి, రెండు చలరాశుల మధ్య సంబంధం, ప్రస్తారాలు సంయోగాలు, సంభావ్యత, బేయీస్ సూత్రం, యాదృచ్ఛిక చలరాశులు, చివరికి బైనామియల్, పాయిజాన్, నిరంతర విభాజనాలు.

ఉషా మోహన్ పాఠం చెప్పే తీరులో తొందర కనిపించదు. ఒక నిర్వచనం, వెంటనే నాలుగైదు అంకెలతో లెక్క, ఆ తర్వాత అదే లెక్క స్ప్రెడ్‌షీట్‌లో ఎలా చేయాలో. తెలుగు మీడియంలో పదో తరగతి దాటి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో పడ్డ పిల్లకు ఈ నిదానం పెద్ద ఊరట. వీడియో ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు. అరవై మంది ఉన్న తరగతిలో లేచి ‘మళ్లీ చెప్పండి సార్’ అనడానికి జంకే పిల్ల ఇక్కడ ఎన్నిసార్లయినా మళ్లీ చెప్పించుకోగలదు.

అయితే ఆ పిల్ల చేతికి పని ఎప్పుడు దొరుకుతుంది? ఇక్కడే రెండు కోర్సులూ విడిపోతాయి. సగటు, మధ్యగతం పాఠమే తీసుకుందాం. దగ్గర్లోని శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ఒకదాని చిన్న విభాగంలో అయిదుగురు పనిచేస్తున్నారనుకోండి. నలుగురి జీతాలు 14, 15, 15, 16 వేలు. అయిదో మనిషి మేనేజరు, జీతం 90 వేలు. సగటు 30 వేలు వస్తుంది. ఆ గదిలో ఏ ఒక్కరికీ 30 వేల జీతం లేదు. మధ్యగతం 15 వేలు, అదే నిజానికి దగ్గర. వీడియో కోర్సులో ఇలాంటి లెక్కను టీచరు చేసి చూపిస్తుంది. పిల్ల చూసి, అర్థమైందనుకుంటుంది. వీడియోలే చూసుకుంటూ పోతే, వారం అసైన్‌మెంట్ చేసేదాకా ఆ నమ్మకానికి పరీక్ష లేదు. ఓఎల్‌ఐలో అలా కాదు. రెండు పేరాలు చదవగానే ప్రశ్న వస్తుంది: పెద్ద విలువ ఒకటి చేరితే ఏది కదులుతుంది, ఏది కదలదు? తప్పు గుర్తు పెడితే ‘తప్పు’ అని ఊరుకోదు. ఆ తప్పు ఎందుకు చేసి ఉంటావో చెప్పి, మళ్లీ చేయమంటుంది. ‘చేస్తూ నేర్చుకో’, ‘నాకు వచ్చిందా’ అనే అర్థం వచ్చే పేర్లతో ఇలాంటి చిన్న అభ్యాసాలు పేజీ పేజీకీ ఉంటాయి. ఇందులో ఉపన్యాసం తక్కువ, పని ఎక్కువ.

ఓఎల్‌ఐలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక చిన్న పట్టిక. రెండు చలరాశులు ఎదురైనప్పుడల్లా ఆ కోర్సు రెండే ప్రశ్నలు వేయమంటుంది. ఏది కారణంగా నిలబడుతోంది, ఏది ఫలితంగా? వాటిలో ఏది వర్గాలుగా ఉంది, ఏది అంకెలుగా ఉంది? దాంతో నాలుగు గళ్లు వస్తాయి. ఏ గడిలో పడ్డావో తెలిస్తే ఏ గ్రాఫు గీయాలో తెలుస్తుంది. కోర్సు చివర్లో, పరికల్పనల పరీక్షకు వచ్చినప్పుడు, అదే పట్టిక మళ్లీ ముందుకొస్తుంది; ఈసారి ఏ పరీక్ష వాడాలో చెబుతుంది. మన డిగ్రీల్లో స్టాటిస్టిక్స్ పాసైన వాళ్లలో చాలామందికి రానిది ఇదే. టీ పరీక్ష సూత్రం అప్పజెబుతారు, కై స్క్వేర్ లెక్క తప్పు లేకుండా కడతారు. ముందు డేటా పెట్టి ‘ఇక్కడ ఏది వాడాలి’ అంటే ఆగిపోతారు. సూత్రం తెలియడానికీ సందర్భం తెలియడానికీ మధ్య ఉన్న ఈ అగాధాన్ని ఓఎల్‌ఐ గుర్తించింది. కోర్సు నిర్మాణాన్నంతా దాని మీదే కట్టింది.

మద్రాసు కోర్సు నిర్మాణం వేరు. సహసంబంధం పాఠం అయ్యాక నేరుగా ప్రస్తారాలు, సంయోగాల్లోకి వెళుతుంది. ఇంటర్‌లో ఎంపీసీ చదివిన పిల్లకు అది పాత పాఠం. బైపీసీ, సీఈసీ నుంచి వచ్చిన పిల్లకు అది నిలువెత్తు గోడ. మనసు విరిగే ప్రమాదం అక్కడే. నా మటుకు నాకు అక్కడ ఖర్చయ్యే రెండు వారాలను ప్రతిచయనానికి (శాంప్లింగ్) ఇచ్చి ఉంటే బాగుండేదనిపిస్తుంది: డేటా ఎలా పుడుతుంది, ఎవరిని అడిగాం, ఎవరిని వదిలేశాం. ఓఎల్‌ఐ అలాగే చేసింది. డేటాను చూడటం, డేటాను పుట్టించడం అయ్యాకే సంభావ్యత వస్తుంది, దాని వెంట అనుమితి (ఇన్ఫరెన్స్). మద్రాసు వాళ్లు అనుమితిని రెండో కోర్సుకు వాయిదా వేశారు. ముందుకు పోయి డేటా సైన్స్ చదివేవాళ్లకు అది పునాదిగా పనికొస్తుంది, కాదనను. స్టాటిస్టిక్స్‌లో ఒక్క కోర్సుతో ఆగిపోయే వాళ్లకు మాత్రం అసలు ప్రశ్న, అంటే కొద్దిమందిని చూసి అందరి గురించి ఎంతవరకు చెప్పగలం అన్నది, తెలియకుండానే కోర్సు అయిపోతుంది.

ఇంత చెప్పాక ఓఎల్‌ఐ లోపాలూ చెప్పాలి. అది మన పిల్లల కోసం రాసింది కాదు. హిస్టోగ్రామ్ నేర్పడానికి ఆస్కార్ ఉత్తమ నటుల వయసులు తీసుకుంటుంది. మన పిల్ల ముందు ఆ ఆస్కార్ ఏమిటో తెలుసుకుని, ఆ తర్వాత హిస్టోగ్రామ్ దగ్గరికి రావాలి. పాఠమంతా చదవాల్సిందే, వినడానికి తక్కువ. ఇంగ్లిష్ చదవడంలో వెనకబడిన పిల్లకు ఇది రెట్టింపు శ్రమ. ఇంకో చిక్కు: ప్రశ్న దగ్గర సూచనలు వరసగా అడుగుతూ పోతే చివరి సూచనలో దాదాపు జవాబే దొరుకుతుంది. ఓపిక లేని పిల్ల సూచనలు నొక్కుకుంటూ పోతే పేజీ పూర్తవుతుంది, బుర్రలోకి ఏమీ ఎక్కదు. పైగా సొంతంగా చదివే వాళ్లకు గడువు లేదు, అడిగే మనిషి లేడు.

గడువు విషయంలో మద్రాసు కోర్సు చాలా మెరుగు. వారం వారం అసైన్‌మెంట్, లైవ్ సెషన్లు, రెండు క్విజ్‌లు, చివరి పరీక్ష. క్విజ్‌లూ చివరి పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాల్సిందే. ఎన్‌పీటెల్ కూడా 75 మార్కులు పరీక్ష హాలుకే కేటాయించి, అసైన్‌మెంట్లకు 25 మాత్రమే ఇచ్చింది. అది మంచి నిర్ణయం, ఎందుకంటే అసైన్‌మెంట్ జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో తిరుగుతుంటాయని అందరికీ తెలుసు. ఇంట్లో ఎవరు చేశారో తెలియని పని కన్నా హాల్లో కూర్చుని రాసిన మూడు గంటలకు విలువ ఎక్కువ. సత్యవేడు నుంచి తిరుపతికో చెన్నైకో వెళ్లి పరీక్ష రాసి రావడం ఆడపిల్లకు, పేద కుటుంబానికి ఖర్చే. ఆ ఖర్చు కాలేజీ భరించాలి తప్ప, పరీక్షనే ఇంటికి తేకూడదు.

సరే, ఇలాంటి కోర్సుల వల్ల చదువు వస్తుందా? స్టాటిస్టిక్స్ నేర్పే పద్ధతిని స్టాటిస్టిక్స్‌తోనే పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. 2011లో అమెరికాలోని ఆరు ప్రభుత్వ క్యాంపస్‌లలో 605 మంది విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. ఒక జట్టు ఎప్పట్లాగే వారానికి మూడు నాలుగు గంటలు తరగతిలో కూర్చుంది. రెండో జట్టు ఓఎల్‌ఐలో చదువుకుంటూ వారానికి ఒక్క గంట టీచరును కలిసింది. చివరికి పాసైనవాళ్ల శాతంలో, పరీక్ష మార్కుల్లో, స్టాటిస్టిక్స్ అవగాహన పరీక్షలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. విలియం బోవెన్, మాథ్యూ చింగోస్ తదితరులు 2012లో ఈ ఫలితాలు వెలువరించారు. కోర్సు ఎంత నచ్చిందని అడిగితే మాత్రం రెండో జట్టు పిల్లలు కాస్త తక్కువ మార్కులే వేశారు.

దీని పక్కన ఇంకో ఉదాహరణ పెట్టి చూడండి. 2013 జనవరిలో శాన్ హోజే స్టేట్ యూనివర్సిటీ, ఉడాసిటీ కంపెనీ కలిసి 150 డాలర్లకే ఆన్‌లైన్ కోర్సులు మొదలుపెట్టాయి. వాటిలో ప్రాథమిక స్టాటిస్టిక్స్ ఒకటి. మొదటి విడతలో ఆ స్టాటిస్టిక్స్ కోర్సులో సుమారు సగం మందే పాసయ్యారు. విమర్శలు వచ్చాయి, వేసవిలో మళ్లీ నడిపారు. ఈసారి 83 శాతం. పద్ధతి బాగుపడిందని సంబరపడేలోగా ఒక సంగతి తేలింది: వేసవిలో చేరినవాళ్లలో సగానికి పైగా అప్పటికే డిగ్రీ ఉన్నవాళ్లు. మారింది కోర్సు ఒక్కటే కాదు, కూర్చున్న మనుషులు మారారు. మొదటి ప్రయోగంలో లాటరీ ఉంది, రెండోదాంట్లో లేదు. తొలి స్టాటిస్టిక్స్ కోర్సులో నేర్పాల్సిన పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఫలానా ప్లాట్‌ఫామ్‌లో మా పిల్లలు ఇంత శాతం పాసయ్యారని ప్రకటనలు వచ్చినప్పుడల్లా మనం అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: చేరింది ఎవరు?

605 మంది ప్రయోగాన్ని చదివి చాలామంది అధికారులు తీసుకునే తాత్పర్యం ఒకటుంది: టీచరు ఖర్చు తగ్గించుకోవచ్చు. నాకు దీనిమీద గట్టి అభ్యంతరం ఉంది. ఆ ప్రయోగంలో టీచరు లేని జట్టు లేనే లేదు. వారానికి ఒక గంటయినా మనిషి ఎదురుగా ఉన్నాడు. ఆ ఒక్క గంటను సున్నా చేస్తే ఏమవుతుందో ఆ ప్రయోగం చెప్పలేదు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా క్రెడిట్లు స్వయం కోర్సుల ద్వారా తెచ్చుకోవచ్చు. స్టాటిస్టిక్స్ లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీలకు అది సులువైన దారి. పోస్టు భర్తీ చేయకుండా, పిల్లల చేతికి లింకు ఇచ్చి, కోర్సు జరిగిందని రాసుకోవచ్చు. దీన్ని ఒప్పుకోకూడదు.

వారానికి ఆ ఒక్క గంటలో టీచరు చేయాల్సింది పాఠం మళ్లీ చెప్పడం కాదు. పాఠం వీడియోలో ఉంది. అభ్యాసం ఓఎల్‌ఐలో ఉంది. రెండింట్లోనూ లేనిది సత్యవేడు. ఈ ప్రాంతం గుండా సాగి ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెట్టే తెలుగుగంగ కాలువ ఉంది. 1983 ఒప్పందం ప్రకారం చెన్నైకి ఏడాదికి 12 టీఎంసీలు అందాలి. నీళ్లు తొలిసారి సరిహద్దు దాటింది 1996లో. ఈ కాలువకు నీళ్లిచ్చే కండలేరు జలాశయం నుంచి వదిలింది ఎంత, సరిహద్దులో జీరో పాయింట్ దగ్గర చేరింది ఎంత? రెండు అంకెలూ కొలుస్తారు, పత్రికల్లోనూ వస్తుంటాయి. ఓఎల్‌ఐ పట్టికలో ఇది అంకె నుంచి అంకెకు వెళ్లే గడి. స్కాటర్ గ్రాఫు గీయించి, గీత వేయించి, గీతకు దూరంగా పడ్డ చుక్కల్ని చూపించి ఆ నెలల్లో ఏం జరిగిందని అడగండి. వాన, ఆవిరి, దారిలో వాడకం, కాలువ గండి, అన్నీ చర్చలోకి వస్తాయి. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ఏ షిఫ్టులో లోపాలు ఎక్కువ అన్నది వర్గం నుంచి అంకెకు వెళ్లే గడి. అదే డేటాను రోజువారీగా, హద్దు గీతలతో గీస్తే 1924లో వాల్టర్ షూహార్ట్ రూపొందించిన కంట్రోల్ చార్ట్ అవుతుంది. ఊళ్లోని అన్నలు, అక్కల్లో కొందరు ఆ చార్టుల ముందే నిలబడి పనిచేస్తుండవచ్చు. ఈశాన్య రుతుపవనాల్లో కొద్ది రోజుల్లోనే ఏడాది వానలో పెద్ద భాగం కురిసే ఈ నేలలో సగటు వర్షపాతం ఎంత మోసం చేస్తుందో ఏ విదేశీ కోర్సూ చెప్పదు.

ఇలా కొలతలతో మొదలుపెట్టడం చిన్న పనేం కాదు. స్టాటిస్టిక్స్‌కు మన తెలుగు వాడు సి.ఆర్. రావు ఇచ్చింది తక్కువేం కాదు. చిన్నతనంలో కొన్నాళ్లు గూడూరులో చదివారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా వెళ్లి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో ఆయన రాసిన వ్యాసం నుంచే క్రామర్ రావు అసమానత వచ్చింది. కేంబ్రిడ్జిలో ఆయన చేసిన పని సూడాన్‌లోని పురాతన సమాధుల ఎముకల కొలతల మీద. అంతటి సిద్ధాంతవేత్త కూడా కొలతలతో కుస్తీ పట్టి ఎదిగినవాడే.

నా తీర్పు ఇది. సత్యవేడు పిల్లకు నిర్మాణంలో ఓఎల్‌ఐ మేలు. క్రమశిక్షణలో, పరీక్షలో, ఇచ్చే డిగ్రీ విలువలో మద్రాసు కోర్సు మేలు. ఒక్కదాన్నే ఎంచుకోవాలంటే మద్రాసు కోర్సులో చేరమంటాను. దాని పక్కన ఓఎల్‌ఐలోని తొలి రెండు భాగాలు, ప్రతిచయనం భాగం తప్పకుండా, సొంతంగా చేసుకోమంటాను. సూచనలు నొక్కే ముందు జవాబు కాగితం మీద రాసుకోమంటాను.

లెక్చరర్లకు, ప్రిన్సిపాళ్లకు ఒక విన్నపం. వచ్చే సెమిస్టర్‌లో ఏ కోర్సు లింకు ఇచ్చినా సరే, టైంటేబుల్‌లో దానికి వారానికి ఒక గంట, ఒక గది, ఒక టీచరును కేటాయించండి. ఆ గంటలో పిల్లల ముందు పెట్టే మొదటి డేటా కండలేరు కాలువది కానివ్వండి.