కలలోని మెలకువ, మెలకువలోని బాధ్యత: 'వేకింగ్ లైఫ్' చలనచిత్ర పరిశీలన

స్వప్నదృష్టాంతం బౌద్ధ వాఙ్మయానికి చిరపరిచితం. ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికల ఏడవ ప్రకరణం చివర ఉత్పాద స్థితి భంగాలను మాయతోను, స్వప్నంతోను, గంధర్వనగరంతోను పోల్చాడు. వసుబంధువు వింశతికలో బాహ్యార్థవాదికి సమాధానం చెప్పడానికి కలనే మొదటి సాక్ష్యంగా నిలిపాడు. అందువల్ల 2001లో రిచర్డ్ లింక్‌లేటర్ దర్శకత్వంలో వెలువడిన 'వేకింగ్ లైఫ్' అనే అమెరికన్ యానిమేషన్ చిత్రాన్ని విజ్ఞానవాదానికి దృశ్యరూపమని చెప్పివేయడం సులభం. ఆ పోలిక ఎంతదూరం నిలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథ స్వల్పమైనది. పేరు చెప్పని ఒక యువకుడు కలలోంచి లేస్తాడు. లేచినది మరొక కలలోకేనని క్రమంగా గ్రహిస్తాడు. దారిపొడవునా మనుషులు ఎదురై మాట్లాడతారు. ఆచార్యుడు రాబర్ట్ సాలమన్ అస్తిత్వవాదంలోని బాధ్యతను వివరిస్తాడు. ఇంకొకరు మానవ పరిణామాన్ని గురించి, వేరొకరు భాషను గురించి ప్రసంగిస్తారు. కలను గుర్తించే పరీక్ష ఒకటి యువకునికి ఎవరో నేర్పుతారు: దీపం స్విచ్చి నొక్కినా వెలుగు మారకపోతే అది కలే. అతడు నొక్కి చూస్తాడు, వెలుగు మారదు. చివరకు నేలను విడిచి ఆకాశంలోకి తేలిపోతాడు. అది మరణమో మేల్కొలుపో చిత్రం చెప్పదు.

చిత్రం అసలు బలం సంభాషణలో కాక గీతలో ఉంది. ముందుగా నటులను డిజిటల్ వీడియోలో చిత్రీకరించి, కూర్పు పూర్తిచేసి, తరువాత బాబ్ సాబిస్టన్ రూపొందించిన సాఫ్ట్‌వేర్ సాయంతో చిత్రకారులు ఆ బొమ్మల మీద మళ్ళీ గీశారు. మాక్స్ ఫ్లైషర్ 1917లో పేటెంటు పొందిన రోటోస్కోప్ పద్ధతికి ఇది కంప్యూటరు రూపం. ఫలితంగా గోడలు, కుర్చీలు, ముఖాలు తమ రేఖలలో నిలవక అలల మీది పడవల్లా ఊగుతుంటాయి. ఏ వస్తువూ స్వభావసిద్ధంగా నిలిచి ఉండదన్న మాట ఇక్కడ ఉపన్యాసం కాదు, కంటికి కలిగే అనుభవం. అంతేకాదు, వేర్వేరు పాత్రలను వేర్వేరు చిత్రకారులు గీసినందున ఒక్కొక్క వ్యక్తితో పాటు లోకపు రంగు, రేఖ, బరువు మారిపోతాయి. చిత్తసంతానానికొక లోకం అన్న భావనకు ఇంత సహజమైన దృశ్యరూపం సినిమాలో అరుదు.

అయితే వింశతికలోని వాదం ఇక్కడితో ముగియదు. బాహ్యవస్తువు లేకపోతే ఒక జ్ఞానం ఒకచోటనే, ఒక కాలంలోనే ఎందుకు కలుగుతుంది? ఒకరికే కాక పలువురికి ఎందుకు కలుగుతుంది? దాని వల్ల పనులెలా జరుగుతాయి? ఇవి ప్రత్యర్థి ప్రశ్నలు. దేశకాల నియమానికి వసుబంధువు కలను ఉదాహరించాడు. కాని పలువురి సమాన అనుభవానికి కల చాలదని ఎరిగి, ఒకే కర్మవిపాకం గల ప్రేతలందరూ నదిని చీముగా చూడడాన్ని ఉదాహరించాడు. అంటే పదిమందికీ ఉమ్మడియైన లోకాన్ని ఆయన కర్మతో ముడివేశాడు. లింక్‌లేటర్ చిత్రంలో లోపించినది సరిగ్గా ఈ ముడి. అందులో ప్రతివారూ తమ లోకాన్ని తాము వర్ణిస్తారు. ఎవరి లోకమూ ఎవరినీ బంధించదు.

ఈ లోపం ఒక ఘట్టంలో స్పష్టంగా బయటపడుతుంది. ఎర్రని చెరసాల గదిలో ఒక ఖైదీ తన శత్రువులను ఎలా హింసిస్తాడో కసిగా వల్లిస్తాడు. చిత్రం ఆ ద్వేషాన్ని మరొక అభిప్రాయంలా విని ముందుకు సాగుతుంది. కల, మెలకువ సమానమైతే కలలో చేసిన మంచిచెడులకూ మెలకువలో చేసినవాటికీ ఫలం ఎందుకు సమానం కాదన్న ప్రశ్నను వసుబంధువు దాటవేయలేదు. నిద్ర చేత చిత్తం బలహీనపడడమే భేదకారణమని చెప్పాడు. వినయపిటకంలోని మొదటి సంఘాదిశేష నియమం కూడా స్వప్నంలో జరిగినదానిని ఆపత్తినుండి మినహాయించింది. లోకం స్వప్నోపమమన్న బోధ చేతనను తేలిక చేయడానికి కాదు, దాని బరువును తెలుపడానికి. ఈ వివేకం లేనప్పుడు శూన్యత అన్న మాట ఉదాసీనతకు అందమైన ముసుగవుతుంది. ఈ చిత్రాన్ని శూన్యతాబోధకు వాడదలచిన భిక్షువులు ముందుగా గమనించవలసినది ఇదే.

చిత్రానికి న్యాయం చేయాలంటే రెండు ఘట్టాలను విడిగా చెప్పాలి. మెట్ల మీద ఢీకొన్న ఒక స్త్రీ, చీమల్లా ఒకరినొకరు తాకి వెళ్ళిపోవద్దని, మనిషిగా పలకరించుకుందామని కోరుతుంది. మరొకచోట ఇద్దరు మిత్రులు మాటలు ఆపి ఒకరినొకరు చూస్తూ కూర్చుంటారు. వారి ఆకృతులు మేఘాలుగా మారిపోతాయి. చిత్రం స్మృతికి, మైత్రికి దగ్గరగా వచ్చే క్షణాలు ఇవే.

కల ఉమ్మడి వ్యవహారం కాగలదనడానికి సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. బంగాళాఖాతంలోని అండమాన్ దీవుల ఆదివాసులను గురించి రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో ప్రకటించిన గ్రంథంలో 'ఓకో-జుము' అనే పదం ఉంది. వైద్యమూ మంత్రమూ ఎరిగిన వ్యక్తికి అది పేరు. కల కనేవాడు, కలలనుండి పలికేవాడు అని దాని అర్థం. లిటిల్ అండమాన్‌లోని ఓంగేలు కలలను ఒకరికొకరు చెప్పుకొని, చర్చించి, ఒక అంగీకారానికి వస్తారని మానవశాస్త్రవేత్త విశ్వజిత్ పాండ్య వివరించారు. అక్కడ కల ఒకరి సొత్తు కాదు. పదిమంది కలిసి తేల్చుకొనే విషయం. అమెరికన్ యువకుడు కలగంటే తత్త్వమని, ఓంగే కలగంటే జానపద విశ్వాసమని వర్గీకరించే అలవాటు మన వారసత్వ పరిశోధనలోనూ ఉంది. అది విడువదగినది.

ఈ దీవులు బౌద్ధ చరిత్రకు పరాయివి కావు. 671లో చైనానుండి బయలుదేరిన ఇత్సింగ్ 673లో తామ్రలిప్తి చేరేముందు, కెడానుండి ఉత్తరంగా పదిరోజులకు పైగా పయనించి ఒక దేశాన్ని చూశాడు. దానిని పండితులు నికోబార్‌గా గుర్తించారు. అక్కడివారు పడవలలో ఎదురువచ్చి, కొబ్బరికాయలు, అరటిపండ్లు ఇచ్చి ఇనుము కోరారని ఆయన వ్రాశాడు. తరువాతి కాలంలో వింశతికపై ధర్మపాలుని వ్యాఖ్యను చైనాభాషలోకి తెచ్చినవాడూ ఆయనే. బాహ్యార్థం లేదని వాదించే గ్రంథాన్ని అనువదించిన ఆ భిక్షువే, ఎంత ఇనుముకు ఎన్ని కాయలు వచ్చాయో శ్రద్ధగా నమోదుచేశాడు. స్వప్నోపమమైన లోకంలో ఎదుటివాని అవసరాన్ని గమనించడం ఎలాగో ఆ చిన్న లెక్క చెబుతుంది.

'వేకింగ్ లైఫ్' చూడదగినది. విద్యార్థులకు చూపదగినది కూడా. రూపపు అస్థిరతను కంటికి నేర్పడంలో అది సమర్థం. కాని దాని నాయకుడు మేల్కొనడానికి ప్రయత్నిస్తాడే గాని, మేల్కొని ఎవరికి ఏమి చేయాలన్న ప్రశ్న వేసుకోడు. బోధిసత్త్వమార్గం మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే. కనుక చిత్రాన్ని ప్రదర్శించినపుడు వింశతికను పక్కన ఉంచుకొని, చెరసాల ఘట్టం వద్ద ఆపి చర్చించడం ఉచితం.