మిక్సరు పరిచర్య

పాలీవినైల్ క్లోరైడు, అనగా మన కార్ఖానాలలో పి.వి.సి. యని వ్యవహరింపబడు పదార్థము, సంచి విప్పి చూచినచో తెల్లని, మెత్తని, నిరపాయమైన పొడిగా కనబడును గాని, దానికి ఏ సహాయద్రవ్యమును చేర్చక వేడిచేసి పైపుగా పోయబూనినచో, సరిగా కరగి ప్రవహింపకమునుపే తన యణువులలోని హైడ్రోజన్ క్లోరైడు వాయువును విడిచి, పసుపువన్నె దాల్చి, పిదప గోధుమవన్నెకు దిగి, తుదకు నల్లగా మాడి, యంత్రపు లోహమును సైతము తినివేయును. ఇట్టి చంచలస్వభావము గల పొడి, మన రైతు బోరుబావినుండి పొలముచివరకు దశాబ్దములపాటు నీరు మోయగల గట్టి గొట్టముగా మారుటకు, పొడిని కరగించి గొట్టముగా త్రోయు ఎక్స్‌ట్రూడరు ఒక్కటియే కారణమని చూడవచ్చినవారందరును తలచుదురు. వాస్తవమునకు ఆ గొట్టపు యోగక్షేమములు చాలవరకు ఎక్స్‌ట్రూడరునకు ముందే, సందర్శకులను తీసికొనిపోని ధూళిగదిలో, మిక్సరు గిన్నెలో నిర్ణయమై పోవును.

ఈ పదార్థపు చరిత్రయే ఇందుకు సాక్ష్యము. జర్మను రసాయనవేత్త ఆయిగన్ బౌమన్ 1872లో సూర్యరశ్మి తగిలిన వినైల్ క్లోరైడునుండి ఈ తెల్లని ఘనపదార్థము ఏర్పడుట గమనించెను. కాని ఏబదేండ్లకు పైగా దానికి చెప్పుకోదగిన ప్రయోజనమే కలుగలేదు. 1926లో అమెరికాలో వాల్డో సీమన్ దానిని తగిన ద్రవములతో కలిపి వేడిచేసి సాగునట్టి మెత్తని పదార్థముగా మార్చిన తరువాతనే అది పరిశ్రమకు పనికివచ్చెను. 1930లలో జర్మనీలో గట్టి పి.వి.సి. గొట్టములు వాడుకలోనికి వచ్చెను. రసాయనము పుట్టినప్పుడు గాక, దానిని దేనితో, ఎట్లు కలుపవలెనో తెలిసినప్పుడు మాత్రమే అది లోకమునకు ఉపయోగపడినది.

హైదరాబాదు చుట్టునున్న జీడిమెట్ల, చర్లపల్లి మొదలగు పారిశ్రామికవాడలలో నీటిపైపునకు వాడు మిశ్రమమును స్థూలముగా పరిశీలింతము. నూరు పాళ్ల రెసినునకు, అనగా ముడి పి.వి.సి. పొడికి, వేడికి మాడకుండ కాపాడు స్టెబిలైజరు కొలది పాళ్లు. స్టియరిక్ ఆమ్లము, మైనము వంటి కందెనలు ఒక్కొక్కటి పాలులో భాగము. కాల్షియం కార్బనేటు కొన్ని పాళ్లు. రంగునకై టైటానియం డయాక్సైడు, బూడిదవన్నె పైపునకు మిక్కిలి స్వల్పముగా కార్బన్ బ్లాక్. రెసిను కణము మిల్లీమీటరులో సుమారు పదవ వంతు వ్యాసము గలది. ఒక్క బ్యాచిలో అట్టి కణములు లెక్కకు అందనన్ని యుండగా, ప్రతి కణమునకును తన వంతు స్టెబిలైజరు, తన వంతు మైనము చేరవలెను. చేరని కణము ఎక్స్‌ట్రూడరు వేడిలో దిక్కులేనిదై మాడును. ఎక్కువ మైనము చేరిన కణము పొరుగుకణముతో అతుకక జారిపోవును. కలుపుట యనగా రంగు ఒక్కటిగా కనబడువరకు త్రిప్పుట కాదు.

పూర్వము మన కట్టడములకు సున్నమును ఇసుకతో చేర్చి, ఎద్దులను కట్టిన గానుగలో దినములతరబడి నూరుచుండిరి. ఏ వస్తువు ఎప్పుడు వేయవలెను, నీరెంత చిలుకరింపవలెను, నూరుట ఎప్పుడు చాలింపవలెను అన్న వివేకము గానుగవానిది, గోడ దృఢత్వము ఆ వివేకముయొక్క ఫలము. మిక్సరు ఆపరేటరు చేయునది సరిగా అదియే పని. భేదమెల్ల కాలములో నున్నది. గానుగవానికి దినములు దొరకినచోట ఇతనికి దొరకునవి సుమారు 10 నిమిషములు.

ఆ పది నిమిషములలో జరుగునది ఇది. గిన్నెయడుగున అతివేగముగా తిరుగు రెక్కలు పొడిని గోడవెంబడి పైకి లేపి, నడుమ సుడిగా క్రిందికి దింపుచుండును. కణము కణముతోను, కణము రెక్కతోను రాచుకొనుటవలన పుట్టు ఘర్షణోష్ణమే ప్రధానమైన వేడి. వేరుగా పొయ్యి అక్కరలేదు. ఉష్ణోగ్రత 80 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమునకు చేరగా రెసిను తన గాజువంటి బిరుసుదనము వీడి, సూక్ష్మరంధ్రములలోనికి ద్రవ్యములను గ్రహించు స్థితికి వచ్చును. కావున స్టెబిలైజరును 60 డిగ్రీల ప్రాంతమునను, కందెనలను 80 దాటిన పిమ్మటను, కాల్షియం కార్బనేటును, టైటానియం డయాక్సైడును 90 దాటిన పిమ్మటను వేయుట వాడుక. 115 నుండి 120 డిగ్రీల నడుమ క్రింది కూలరులోనికి దింపుదురు. కార్ఖానాకును కార్ఖానాకును ఈ అంకెలలో కొలది భేదము లుండును గాని, క్రమమున కారణము లేని మెట్టు ఒక్కటియును లేదు. కార్బనేటును మొదటనే వేసినచో అది కందెనను, స్టెబిలైజరును తానే పీల్చుకొని రెసినునకు అందనీయదు. పైగా తన రాపిడిచేత రెక్కల ఇనుమును గీచి మిశ్రమమునకు బూడిదరంగు తెచ్చును. నూరు డిగ్రీలు దాటవలసిన కారణము కూడ కలదు: పొడిలోని తేమ ఆవిరియై మూతమీది ఫిల్టరు సంచిగుండ వెడలిపోవలెను. ఆ సంచి ధూళితో మూసికొనిపోయినచో ఆవిరి మూతక్రిందనే చల్లబడి, బొట్లుగా పొడిలో రాలి, చిన్న చిన్న ఉండలు కట్టించును. ఉండలకు కారణము రెసినులో వెదకుచు గంటలు గడపినవారు కలరు గాని, మూత ఎత్తి సంచిని దులుపుట అందరికిని మొదట తోచదు.

యంత్రము తన ఆరోగ్యమును రెండు అంకెలతో చెప్పుకొనును: దింపుడు వేడికి చేరుటకు పట్టిన కాలము, మోటారు త్రాగిన ఆంపియర్లు. ఈ రెంటిని ప్రతి బ్యాచికిని పుస్తకములో వ్రాసికొను కార్ఖానాలో మిక్సరు జబ్బు ముందుగానే తెలియును. పూర్వము 9 నిమిషములలో చేరు వేడి క్రమక్రమముగా 10, 11 నిమిషములకు జరుగుచున్నచో రెక్కల అంచులు అరిగి గుండ్రపడినవనియో, అడుగుకును రెక్కకును నడుమ ఉండవలసిన కొలది మిల్లీమీటర్ల ఎడము పెరిగినదనియో, బెల్టులు వదులై జారుచున్నవనియో గ్రహింపవలెను. బెల్టు జారుచున్నచో కాలిన రబ్బరు వాసన తోడుగా వచ్చును. రెక్క అరిగినప్పుడు వాసన యుండదు, ఆంపియర్లు మాత్రము తగ్గును. ఒక్కసారిగా కాలము పెరిగినచో అరుగుదల కాదు, బ్యాచి తక్కువ పడినదేమో, వోల్టేజి పడిపోయినదేమో చూడవలెను. గిన్నె సరిగా నిండనిచో సుడి పుట్టదు. మితిమీరి నిండినచో పైపొర కదలదు, మోటారు మూలుగును. "అన్నా, మిక్సరు బరువెక్కింది" అని క్రొత్త కుర్రవాడు కేక వేయగా, అనుభవజ్ఞుడైన ఆపరేటరు మీటరు చూడకమునుపే కందెన సంచి మరచితివా యని యడుగుట ఊరక కాదు. కందెన లేని పొడి రాపిడి హెచ్చి మోటారును ఈడ్చును, ధ్వని కూడ బొంగురుపడును.

అరిగిన రెక్కలకు గట్టి లోహమును వెల్డింగు చేయించి మరల వాడుట మంచి పద్ధతియే. కాని ఒక రెక్కకు అధికముగాను, మరియొక రెక్కకు స్వల్పముగాను లోహము చేరినచో సమతూకము తప్పి, ఆ వేగములో షాఫ్టు అదిరి, బేరింగులు వేడెక్కి త్వరలోనే చెడును. వెల్డింగు చేయించినవాడు బ్యాలెన్సింగు చేయింపకుండుట సగము వైద్యము. షాఫ్టు గిన్నెలోనికి వచ్చుచోట సీలునకు ఊదుడుగాలి పెట్టుదురు. ఆ గాలి ఆగినచో సన్ననిపొడి సీలులో దూరి, గట్టిపడి, రాపిడికి మాడి, నల్లని పొరలై మరల మిశ్రమములోనికి ఊడిపడును. పైపుమీద నల్లచుక్కలు కనబడగానే ఎక్స్‌ట్రూడరు స్క్రూను ఊడదీయ నారంభించువారు, మొదట ఈ సీలును చూచినచో ఒక షిఫ్టు శ్రమ మిగులును.

అన్నిటికంటె మోసకరమైనది వేడిని కొలుచు థర్మోకపులు. అది పొడి ప్రవాహములోనికి చొచ్చియుండును. దానిమీద మైనము, పొడి కలిసి పొరగా పేరుకొనును. అప్పుడు అది చూపునది పొడి వేడి కాదు, పొర వేడి. అది 118 చూపువేళకు లోపల పొడి అంతకంటె ఎంతయో వేడెక్కి, స్టెబిలైజరు శక్తిలో కొంత మిక్సరులోనే ఖర్చైపోవును. పైపు బయటికి పసుపుడౌలుతో వచ్చును, అంకెలన్నియు సరిగానే యుండును. ఆపరేటరు నేరము చేయకయే నేరస్థుడగు సందర్భ మిది. కావున షిఫ్టు మారినప్పుడెల్ల థర్మోకపులును ఇత్తడిపలుగుతో గీకి శుభ్రముచేయుట, అప్పుడప్పుడు దింపిన పొడిలో వేరొక థర్మామీటరును గ్రుచ్చి సరిచూచుట తప్పనిసరి. గిన్నెను గీకుటకు ఇనుము వాడరాదు. ఇనుపగీత పడినచోట పొడి అంటుకొనుట మొదలిడును.

ఇక దింపుడుద్వారము. అది మూసికొన్నప్పుడు దాని ముఖము గిన్నెగోడతో సమముగా నుండవలెను. సీలు అరిగియో, గాలి సిలిండరులో ఒత్తిడి చాలకయో అది కొంచెము వెనుకకు జరిగియున్నచో, ఆ గుంటలో చిక్కిన రెండు మూడు గుప్పెళ్ల పచ్చిపొడి రెక్కకు అందక, వేడి ఎరుగక, స్టెబిలైజరు చేరక యట్లే నిలిచియుండి, ద్వారము తెరచినంతనే అన్నిటికంటె ముందుగా కూలరులోనికి పడును. ప్రతి బ్యాచికిని ఇది జరుగును. ఫలితముగా పైపులో అక్కడక్కడ కరగని తెల్లచుక్కలు, వానివద్ద దెబ్బకు పగులుట. పరీక్షాశాలలో పైపుచివరను వాలుగా చెక్కి, 15 డిగ్రీల డైక్లోరోమీథేనులో ముంచినప్పుడు సరిగా కరగి కలియని భాగమును ఆ ద్రవము తినివేసి బయటపెట్టును; ఎక్స్‌ట్రూడరు వేడిని ఎంత సవరించినను ఈ చుక్కలు పోనిచో ఫిట్టరు దింపుడుద్వారమువైపు నడువవలెను.

కూలరును చిన్నచూపు చూచుట మన కార్ఖానాలలో సామాన్యదోషము. 120 డిగ్రీల పొడిని 45, 50 డిగ్రీలకు దింపవలసిన బాధ్యత దానిది. పి.వి.సి. వేడిని సులభముగా వదలని పదార్థము; వేడిగా సంచులకెత్తినచో నడిమిభాగము గంటలకొలది అట్లే కాగుచు, గడ్డకట్టి, రంగు మారును. మన ప్రాంతమున బోరునీరు చాలచోట్ల కఠినజలము; అది కూలరు జాకెట్టులో సున్నపుపొర పెంచగా, నీరు ప్రవహించుచునే యుండును, చల్లదనము మాత్రము పొడికి చేరదు. లోపలికి పోవు నీటికిని, వెలికి వచ్చు నీటికిని వేడిలో భేదము తగ్గినచో పొర పెరిగినదని తెలిసికొని, తగిన ఆమ్లద్రావణముతో కడిగింపవలెను. వర్షాకాలమున వ్యతిరేకదోషము: అతిచల్లని నీటిని పంపినచో గాలిలోని తేమ కూలరుగోడమీద చెమర్చి పొడిని తడుపును.

తూకమును గూర్చి స్వల్పముగా చెప్పిన చాలును. తూచుతొట్టికిని గొట్టమునకును నడుమనున్న గుడ్డతొడుగు ధూళితో బిగుసుకొన్నచో, బరువులో కొంత తొడుగే మోసి, తూకము కొలుచు లోడ్‌సెల్లునకు అబద్ధము చెప్పును. తొడుగు మెత్తగా నుంచుట, తెలిసిన బరువును వ్రేలాడదీసి వారమునకొకసారి సరిచూచుట, ఇంతే మార్గము.

పాత ఆపరేటర్ల పరీక్షలను నేను మిక్కిలి గౌరవింతును. కూలరునుండి పిడికెడు పొడి తీసి గట్టిగా నొక్కి విప్పుదురు. సరియైన పొడి ముద్దగా నిలువక వెంటనే విడిపోయి వ్రేళ్ల సందులనుండి జారును. తెలిసిన కొలతగల గిన్నెను పొడితో నింపి, అంచువరకు గీచి తూచుదురు. బాగుగా కలిసిన పొడి ముడి రెసినుకంటె సాంద్రముగా నుండును, బ్యాచికిని బ్యాచికిని ఆ తూకము నిలుకడగా నుండుట మిక్సరు క్షేమమునకు నిదర్శనము. చర్లపల్లిలోని ప్లాస్టిక్సు శిక్షణసంస్థ యగు సిపెట్‌వంటి సంస్థలలో పాఠముగా నేర్పు విద్యయు, ఈ పిడికిటి విద్యయు ఒకదాని నొకటి ఖండింపవు. ఐనను ఎక్స్‌ట్రూడరునకు నేర్పరిని నియమించి, మిక్సరునకు నిన్న చేరిన కూలివానిని నిలుపు అలవాటు మన యజమానులలో పోలేదు. ఇది ధనమును పొదుపుచేయుట కాదు, స్క్రాపును కొనుట.

ప్రాణరక్షణ విషయమున మాత్రము అనుభవమును నమ్మరాదు. మూత తెరచి చేయిపెట్టకమునుపు మెయిన్ స్విచ్చి ఆర్పి, తాళమువేసి, తాళపుచెవి జేబులో నుంచుకొనవలెను. ఆర్పిన పిదపకూడ రెక్క కొంతసేపు తిరుగుచుండును. మూత తెరచినచో యంత్రమును కదలనీయని స్విచ్చిని కట్టివేసి పని తొందరచేయుట క్షమింపరాని దోషము. సీసముగల స్టెబిలైజరు ధూళిని ఊదుడుగాలితో చిమ్మివేయుటయు అట్టిదే. ఆ ధూళి ఊపిరిలో చేరును.

ఆ సీసము ఇప్పుడు తొలగుచున్నది. నీటిపైపులలో సీసపు స్టెబిలైజరును దశలవారీగా నిషేధించుచు భారతప్రభుత్వ పర్యావరణశాఖ 2021లో నియమములు ప్రకటించెను. దాని స్థానమున కాల్షియం జింకు ద్రవ్యములు వచ్చుచున్నవి. ఆరోగ్యమునకు ఇది గొప్ప మేలు. మిక్సరునకు ఇది క్రొత్త పరీక్ష. సీసము ఆపరేటరు తప్పులను కొంత సహించెడిది; కొంత కందెనపనియు చేసెడిది. జింకు మితిమీరిన వేడికి లోనైనచో పైపు మెల్లగా పసుపెక్కుటకు బదులు ఒక్కసారిగా నల్లబడును. కావున సీసముతో నడచిన 120 డిగ్రీలనే క్రొత్తద్రవ్యమునకును పెట్టి చూడక, స్టెబిలైజరు తయారీదారు సూచించిన అంకెనుండి మొదలిడి, మొదటి కొన్ని బ్యాచులకు దింపుడువేడి, పట్టిన కాలము, ఆంపియర్లు, గిన్నెతూకము, ఎక్స్‌ట్రూడరు లోడు, ఈ అయిదింటిని ఒకే వరుసలో వ్రాసి, థర్మోకపులును ఆ దినములలో షిఫ్టునకు ఒకసారి గాక రెండుసార్లు గీకుట మంచిది.