మంచులో మన కరువు

ఈ వారం ఆకివీడులో చేపల లారీకి ఐసు ఎత్తుతుంటే చూస్తూ నిలబడిపోయాను. మరలో వేయబోతున్న దిమ్మ నడుమ తెల్లటి చార. నాన్న ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చిన్నప్పుడు ఆ చార ఏమిటని అడిగితే, "డబ్బాలో నీళ్లు అంచుల నుంచి గడ్డకట్టుకుంటూ వస్తాయిరా. గాలీ, ఉప్పూ ఎటూ పోలేక నడుమ చిక్కుకుంటాయి" అన్నాడు. అప్పటి నుంచీ ఐసంటే నాకు దాచిపెట్టే వస్తువే.

కొండ మంచూ అలాగే దాచిపెడుతుంది. 1997లో శాస్త్రవేత్త లోనీ థాంప్సన్ బృందం టిబెట్ వైపు హిమాలయంలోని దాసువోపు హిమానీనదం మీద, 7 వేల మీటర్ల ఎత్తున, బోలు గొట్టాలతో తొలిచి మంచు కడ్డీలు పైకి తీసింది. అక్కడ ఒక ఏటి మంచు మీద మరుసటి ఏటి మంచు పడుతుంది. వానలు తప్పిన ఏళ్ల పొరల్లో దుమ్మూ, క్లోరైడూ ఎక్కువ. 1790-96 పొరల్లో అవి పెరిగాయి. 1876-77లోనూ అంతే.

1876 అంటే ధాత కరువు. అంతకు ముందు 1832-33లో నందన కరువు. ధాత, నందన తెలుగు సంవత్సరాల పేర్లే. పెద్దలు కరువు పేరులోనే తేదీ పెట్టి వెళ్లారు. ఇక 1790ల కరువు? ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, మొక్కల శాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి, 1789 నుంచి వానలు తప్పిన సంగతి రాసిపెట్టాడు. ఆయన కాగితం మీద ఎక్కించిన ఎండే ఆ కొండ మంచులోనూ ఉంది.

దీనికి హిమాలయం దాకా ఎందుకు, మన కొల్లేరు సరస్సు బురద చాలదా అని రాయబోయాను. బుడమేరు, తమ్మిలేరు ఏటా తెచ్చిపోసిన ఒండ్రు పొరలే మన మంచు అనుకున్నాను. కానీ సరస్సు లోపల చేపల చెరువుల కోసం పొక్లెయిన్లు ఆ పొరలను తిరగేశాయి. 2006లో ఆ చెరువుల గట్లు కొట్టేసినప్పుడు మట్టి మరోసారి కలిసిపోయింది. చెరువు తవ్విన చోట 1790 నాటి మట్టి పైనుందో, కిందుందో ఎవరు చెప్పగలరు?

ఆ 2006లోనే గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, బంగాళాఖాతం అడుగు నుంచి ఒక మట్టి కడ్డీ తీశారు. అందులో చిక్కిన ఆకుల మైనాన్ని పరీక్షిస్తే, సుమారు 4000 ఏళ్ల కిందటి నుంచి గోదావరి పరీవాహక ప్రాంతం ఎండుతూ వచ్చిందని తేలింది. అది వేల ఏళ్ల లెక్క. కరువు ఫలానా ఏడాదిదని చెప్పడానికి ఆ మంచులోలా చెదరని ఏటేటి పొరలు కావాలి. బురద చాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా ఒక్కటి అడుగుతాను. మీ ఊరి కొల్లేటి భూమిలో పొక్లెయిన్ దిగని చెక్క ఇంకా మిగిలి ఉంటే, దాన్ని తవ్వనివ్వకండి.