మిగిలిన పని వెల

ఆగస్టు నెలలో ఒక ఉదయము లింగంపల్లి స్టేషనులో ఎమ్ఎమ్‌టీఎస్ బండి కదలక మునుపు, హైటెక్ సిటీలో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు తన ఫోనును నా చేతికిచ్చి, "మామయ్యా, బీహెచ్ఈఎల్ రిజల్ట్స్ చూడండి. చేతిలో లక్ష కోట్లకు పైగా ఆర్డర్లున్నాయంటారు, ఈ మూణ్ణెల్లకు మాత్రం నష్టమంటారు. ఇందులో ఏది నిజం?" అని యడిగెను. రెండును నిజమే యని చెప్పుట సులభము. ఎట్లు నిజమో విప్పి చెప్పుటకు మాత్రము, చందానగర్, హఫీజ్‌పేట దాటి వాడు దిగవలసిన స్టేషను వచ్చువరకు గల వ్యవధి చాలలేదు. నాడు బండిలో చెప్పలేకపోయినదానిని ఈ వారము వ్రాయుచున్నాను.

లింగంపల్లికి ఆవల, రామచంద్రాపురమున, 1960ల నడుమ చెకొస్లొవేకియా దేశపు సాంకేతిక సహకారముతో వెలసిన ఆ బీహెచ్ఈఎల్ కర్మాగారము, 1998లో మాదాపూర్ రాళ్ళగుట్టల నడుమ సైబర్ టవర్స్ లేచి నిలుచునప్పటికే మూడు దశాబ్దములకు పైగా ఆవిరి టర్బైన్లను, కంప్రెసర్లను, బొగ్గును పిండి చేయు మిల్లులను తయారుచేయుచుండెను. అవి అంగడిలో తూచి అమ్ము సరకులు కావు. నల్లగొండ జిల్లా దామరచర్ల వద్దనున్న యాదాద్రి థర్మల్ కేంద్రమునే చూడుడు: 4,000 మెగావాట్ల ఆ కేంద్రమును నిర్మించు బాధ్యతను తెలంగాణ జెన్‌కో బీహెచ్ఈఎల్‌కు 2017లో అప్పగించినది, ఒప్పందపు విలువ 20,000 కోట్ల రూపాయలకు మించినది, అందులో తొలి యూనిట్ జాతికి అంకితమైనది 2024 డిసెంబరులో. నడుమ ఏడేండ్లు, అనగా ఇరువదియెనిమిది త్రైమాసికములు గడచినవి. సెబీ నిబంధన యన్ననో, సంవత్సరపు చివరిది మినహా ప్రతి త్రైమాసికము ముగిసిన 45 దినములలోపల లాభనష్టములను లోకమునకు చెప్పవలసినదే యనును. టర్బైను పునాది బోల్టులపై కూర్చుండక మునుపే, దానివలన నింతవరకు వచ్చిన లాభమెంతయో పలుకవలెనన్నమాట.

కోతకు రాని వరిచేను గట్టుమీద నిలిచి, కంకి పొడవును, గింజ పాలును చూచి, ఎకరమునకు ఎన్ని బస్తాలగునో చెప్పు పెద్దరైతు చేయు పనియే ఇచట గణకుడు చేయును. 2018 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఇండ్ ఏఎస్ 115 అను ప్రమాణము విధించిన నియమములకు లోబడి, దీర్ఘకాలపు ఒప్పందములలో రాబడిని పని సాగినకొలది గుర్తింపవచ్చును; పని యెంత సాగినదో కొలుచుటకు వాడుకలోనున్న గజము, ఇంతవరకైన ఖర్చు మొత్తము అంచనా ఖర్చులో ఎన్నవ వంతు అనునది. నూరు కోట్ల ఒప్పందమును ఎనుబది కోట్లలో ముగింతుమని యనుకొంటిమి. మొదటి త్రైమాసికమున ఇరువది కోట్లు ఖర్చయినవి. పని నాలుగవ వంతు అయినట్లు. కావున రాబడి ఇరువదియైదు, లాభము ఐదు కోట్లు. రెండవ త్రైమాసికమున మరియొక ఇరువది కోట్లు ఖర్చయినవి. ఇంతలో ఉక్కు ధర పెరిగి, స్థలమప్పగింత ఆలస్యమై, మొత్తము ఖర్చు ఎనుబది కాదు, నూరు కోట్లని తేలినది. ఇప్పుడు నూటికి నలువది పాళ్ళు పని యైనది. మొత్తము రాబడి నలువది, మొత్తము ఖర్చును నలువదియే. అనగా వెనుక చూపిన ఐదు కోట్ల లాభము ఈ త్రైమాసికముననే కరగిపోయి, ఐదు కోట్ల నష్టముగా బయటపడును. షాపులో ఏ కార్మికుడును ఈ మూడు నెలలలో పని చెడగొట్టలేదు. చెడినది వెనుకటి అంచనా. అంచనా ఇంకను పెరిగి నూటపది యైనచో, ముందు రాబోవు పది కోట్ల నష్టమును ముక్కలు చేయక నేడే మొత్తముగా ఒప్పుకొనవలెను. లాభము పనివెంట నడచి వచ్చును, నష్టము తెలిసిన దినముననే వచ్చును. ఈ నియమము నాకు మిక్కిలి గౌరవనీయముగా తోచును.

ఈ లెక్కలో మూడంకెలు కలవు. ఒప్పందపు ధర కాగితముపై నున్నది; ఐన ఖర్చు వోచర్లలో నున్నది; మూడవదియగు మిగిలిన పని వెల మాత్రము ఒక ఇంజనీరు మనస్సులో నున్నది.

1980లలో బాలానగర్ ప్రాంతమునందలి ఒక విద్యుత్పరికరముల కర్మాగారమున, ఖర్చుల లెక్కలు చూచు కాస్టింగ్ శాఖలో నేను క్రొత్తగా చేరిన దినములలో, మార్చి చివర నొక సాయంకాలము ఎరెక్షన్ ఇంజనీరొకడు సైటునుండి వచ్చి, సిమెంటు దుమ్ము వదలని చేతులతోనే ఒక సబ్‌స్టేషను పని తాలూకు షీటును మా అధికారి బల్లపై పెట్టెను. మిగిలిన పని వెల అను గడిలో పెన్సిలుతో ఒక అంకె. అధికారి దానిని చూచి, "ఇంత ఎందుకవుతుందయ్యా, కొంచెం తగ్గించు" అనెను. "నేను చూసింది రాశాను సార్. తగ్గించాలంటే మీరే రాసి, కింద మీ సంతకం పెట్టుకోండి" అని ఆయన బస్సు వేళ యైనదని వెడలిపోయెను. అంకె మారినది. మారిన యంకెను లెడ్జరులో చక్కని దస్తూరితో ఎక్కించినవాడను నేనే. ఆ యేడు ఆ పనిలో లాభము కనబడినది. మరుసటి సంవత్సరము ముగియకముందే ఇంజనీరు వ్రాసినదానికంటెను ఎక్కువ ఖర్చయినది. ఆ పెన్సిలు గీతలు చెరిపిన చోట కాగితము పలుచనై వెలుగు కనబడుట నాకింకను జ్ఞాపకమే.

ఈ నగరమునకు తెలిసిన పెద్ద లెక్కల వంచన వేరు. 2009 జనవరి 7న వెలువడిన సత్యం కంప్యూటర్స్ సంస్థ అధిపతి లేఖ ప్రకారము, 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికమున చూపిన రాబడి 2,700 కోట్లు, నిజమైనది 2,112 కోట్లు. చూపిన నిర్వహణ లాభము 649 కోట్లు, నిజమైనది 61 కోట్లు. బ్యాంకులో లేని సొమ్మును ఉన్నదనుట అబద్ధము, బ్యాంకు నడిగినచో తేలునది. మిగిలిన పని వెలను కొంచెము తక్కువగా తలచుట యబద్ధము కానక్కరలేదు; ఆశ చాలును. కనుకనే అది పట్టుకొనుటకు కష్టము, కనుకనే ఆడిటర్లు ఇట్టి కంపెనీల వార్షిక నివేదికలో ఈ అంచనాలను కీలక ఆడిట్ అంశముగా ప్రత్యేకించి వ్రాయుట పరిపాటి.

మేనల్లుని ప్రశ్నకు వచ్చెదను. బీహెచ్ఈఎల్‌కు 2023, 2024, 2025 మూడేండ్లును జూన్ త్రైమాసికము నష్టముతోనే ముగిసినది. 2023-24, 2024-25 పూర్తి సంవత్సరములు మాత్రము లాభముతో ముగిసినవి. జీతములు పన్నెండు నెలలును సమానముగా నడచును, సరకు పంపుట, బిల్లింగు మార్చివైపు పోగగును. పైగా నాలుగవ త్రైమాసికపు అంకె, ఆడిట్ అయిన సంవత్సరపు లెక్కనుండి తొమ్మిది నెలల లెక్కను తీసివేయగా మిగిలిన శేషము. కావున ఒక త్రైమాసికమును గత సంవత్సరపు అదే త్రైమాసికముతో పోల్చవలెనని, లాభపు వరుసను చూచుటకు ముందు బిల్లు కాని రాబడి యగు ఒప్పంద ఆస్తులు, కొనుగోలుదారు నిలిపియుంచిన రిటెన్షన్ సొమ్ము ఏటేట ఎట్లు పెరుగుచున్నవో చూడవలెనని, అన్నింటికి మున్ను అకౌంటింగ్ విధానముల పుటలను చదువవలెనని ఆ రాత్రి ఫోనులో చెప్పితిని.

వాడు చాలసేపు చదివి తిరిగి ఫోను చేసెను. "మామయ్యా, ఆ మిగిలిన పనికి అంచనా వేసిన ఇంజనీరు పేరు ఈ రిపోర్టులో ఎక్కడుంటుంది?"

ఉండదని చెప్పితిని.